ఏ ఊపిరి ముందు?

ఒసాకా

అమ్మలూ,

నువ్వు పంపిన గో ఆటని బల్ల మీద రాళ్లు పేర్చుకుంటూ మొదటినుంచి చివరిదాకా వేసి చూశాను. ఓడిపోయానని అంత దిగులుగా రాశావు గానీ, ఎడమవైపు కింది మూలలో తగాదా మొదలయ్యేదాకా ఆట నీ చేతిలోనే ఉంది. పైవైపు అతను దూరి వచ్చినప్పుడు నువ్వు కంగారుపడి చుట్టుముట్టకుండా, దూరంనుంచి తరుముతూ కుడివైపు చోటు సంపాదించుకున్న తీరు నాకు చాలా నచ్చింది. అది నేర్పితే వచ్చేది కాదు.

ఇక ఆ మూల సంగతి. "ఒక్క ఊపిరి తేడాతో చచ్చాను మామయ్యా, దురదృష్టం" అన్నావు. దురదృష్టం ఏమీ లేదమ్మా. నీకు సరిపడా ఊపిరులు, అంటే గుంపుని ఆనుకుని ఉన్న ఖాళీ చోట్లు, ఉన్నాయి. వాటిని మూసే వరుసే తారుమారైంది. ఈ ఉత్తరమంతా ఆ వరుస గురించే. కొంచెం పెద్దదే అవుతుంది, బల్ల దగ్గర పెట్టుకుని చదువు.

ముందు నీ మూలనే చూద్దాం. నీ నల్లగుంపూ అతని తెల్లగుంపూ ఒకదాన్నొకటి కోసుకుని నిలబడ్డాయి. కన్నంటే గుంపు లోపల చుట్టూ మూసుకున్న సొంత ఖాళీ కదా. ఎవరికీ కన్ను లేదు. ఎవరికీ బయటికి పోయే దారి లేదు. ఎవరి ఊపిరి ముందు అయిపోతే వాళ్లు పోతారు. ఇక్కడ దీన్ని సెమెయాయి అంటారు. మనం ఊపిరి పందెం అనుకుందాం. ఇలాంటి పందెంలో ఊపిరులని ఎప్పుడూ మూడు కుప్పలుగా లెక్కపెట్టాలి: నీ ఒక్కదానివి, అతని ఒక్కడివి, ఇద్దరి మధ్యా ఇరుక్కున్న ఉమ్మడివి. నీ ఆటలో 3, 3, 2. అంటే నీకు బయట 3, అతనికి బయట 3, మధ్యలో ఉమ్మడిగా 2. ఎత్తు నీది.

నువ్వు ఉమ్మడి ఖాళీలో వేశావు. ఎందుకు వేశావో ఊహించగలను. అక్కడ పెట్టిన రాయి అతని రాళ్లకి రెండువైపులా ఆనుకుంటుంది. గట్టి దెబ్బ కొట్టినట్టు కంటికి కనిపిస్తుంది. పక్కన ఎక్కడో మూలకి నక్కిన బయటి ఊపిరి మూస్తే అంత తృప్తిగా ఉండదు. కానీ ఏం జరిగిందో ఒక్కో రాయీ పెడుతూ చూడు. నీ ఎత్తుతో ఉమ్మడివి 2 నుంచి 1 అయ్యాయి. అతనికి ఒక ఊపిరి తగ్గింది, నీకూ ఒకటి తగ్గింది. ఇప్పుడు ఎత్తు అతనిది. అతను నీ బయటివాటిలో ఒకటి మూశాడు, నీకు 2. నువ్వు అతనిది మూశావు, అతనికి 2. మళ్లీ అతను, నీకు 1. మళ్లీ నువ్వు, అతనికి 1. అతను నీ చివరి బయటి ఊపిరి మూసేసరికి నీకు మిగిలింది ఆ ఒక్క ఉమ్మడి ఖాళీ. అంటే అతారి. అతనికింకా బయట ఒకటి, ఉమ్మడి ఒకటి. నువ్వు ఆ బయటిది మూసినా అతను ఉమ్మడి ఖాళీలో రాయి పెట్టి నీ గుంపునంతా బల్ల మీదనుంచి తీసేస్తాడు. తీసేశాడు కూడా.

ఇప్పుడు అదే చోట బయటినుంచి మొదలుపెట్టి చూడు. అతనికి 2, నీకు 2, అతనికి 1, నీకు 1, అతనికి 0, నీకు 0. ఇద్దరికీ బయట ఏమీ లేవు, మధ్యలో 2 ఉమ్మడి ఖాళీలు అలాగే ఉన్నాయి. ఇప్పుడు ఎవరు లోపల రాయి పెడితే వాళ్లు తమకి తామే అతారి పెట్టుకున్నట్టు. అందుకని ఇద్దరూ చేతులు కట్టుకు కూర్చుంటారు. సెకి. ఇద్దరూ బతికినట్టే. నీ గుంపు చావవలసిన అవసరమే లేదు.

ఇంకో సంగతి చెప్తాను, దీన్ని జాగ్రత్తగా ఆలోచించు. ఆ ఘడియలో నువ్వు ఆ మూలలో అసలు వేయకపోయినా ఏమీ అయ్యేది కాదు. 3, 3, 2 లో అతనే ముందు వేసినా నిన్ను చంపలేడు. మళ్లీ సెకియే. కాబట్టి నీ ఎత్తుతో కుడివైపు నువ్వు వదిలేసిన పెద్ద చోటు వేసుకుని ఉండొచ్చు. అతను మూలలో ఒకటి మూస్తే అప్పుడు జవాబు చెప్పొచ్చు. ఒకసారి వదిలెయ్యొచ్చు, రెండోసారి మాత్రం వదలకూడదు. ఎందుకంటే అప్పుడు నీకు బయట 2, అతనికి 3, ఎత్తు అతనిది అవుతుంది. ఆ తేడా అతనికి చాలు. నీ వైపునుంచి కూడా అంతే. నువ్వు అతని బయటి ఊపిరి ఒకటి మూస్తే, దానికి జవాబు చెప్పకపోతే అతను చస్తాడు. అంటే ఆ ఎత్తు ఒక బెదిరింపు. ఎక్కడైనా కో తగాదా, అంటే ఒకే చోట ఇద్దరూ ఒక్కో రాయిని మార్చి మార్చి తీసుకునే పోరు, వచ్చినప్పుడు వాడుకోవడానికి దాచుకోవలసిన సొత్తు. పైవైపు 40 ఎత్తుల తర్వాత నీకు కో వచ్చినప్పుడు బెదిరింపులు లేక వదిలేసుకున్నావు చూడు, అక్కడ పనికొచ్చేది.

అమ్మమ్మగారి ఊళ్లో గుడి బండ మీద చెక్కిన గీతల మీద తాతయ్యతో పులిమేక ఆడేదానివి గుర్తుందా? అందులో మేకని ఎక్కడ పెట్టినా పులికే దారి తగ్గుతుంది. నువ్వు ఆ అలవాటుతోనే ఈ ఆటలో కూడా అవతలివాడి దారి మూస్తే చాలనుకుంటున్నావేమో. ఇక్కడ బయటి ఊపిరి మూస్తే అతనికి మాత్రమే తగ్గుతుంది. ఉమ్మడి ఊపిరి మూస్తే ఇద్దరికీ తగ్గుతుంది. కాబట్టి ఎదుటివాడికి మాత్రమే నష్టం కలిగించే ఎత్తులు ముందు, నీకు కూడా నష్టం కలిగించేవి చివర. బయటివి ముందు, ఉమ్మడివి చివర అని ప్రతి పుస్తకంలోనూ ఉంటుంది. నువ్వూ చదివే ఉంటావు. చదివి కూడా వేసేటప్పుడు గుర్తుండకపోవడానికి కారణం, దాన్ని సూత్రంగా బట్టీపట్టడమే. ఎందుకో తెలిస్తే చెయ్యి దానంతటదే ఆగుతుంది.

కన్నులు లేని పందెంలో లెక్క ఇంతే: ఉమ్మడివి ఏమీ లేకపోయినా, ఒకటే ఉన్నా, బయటివే లెక్క. ఎక్కువున్నవాడు గెలుస్తాడు, సమానమైతే ఎత్తు ఎవరిదో వాళ్లు గెలుస్తారు. ఉమ్మడివి 2 ఉంటే, చంపదలచుకున్నవాడికి బయట కనీసం 1 ఎక్కువ ఉండాలి, ఎత్తూ అతనిదే కావాలి. ఉమ్మడివి 3 అయితే 2 ఎక్కువ ఉండాలి. 4 అయితే 3. ఎత్తు అవతలివాడిదైతే ఇంకొకటి కలుపుకో. ఉమ్మడివి పెరిగే కొద్దీ చంపడం కష్టమవుతుంది, సెకి దగ్గరవుతుంది. మార్టిన్ ముల్లర్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త 1999లో ఈ పందేలని రకాలుగా విడదీసి లెక్క రాశాడు. రిచర్డ్ హంటర్ అయితే ఊపిరులు లెక్కపెట్టడం మీదే ఒక పుస్తకం రాశాడు. నువ్వు ఇంగ్లిష్‌లో చదవగలవు కాబట్టి హంటర్ పుస్తకం సంపాదించు. ఈ ఆట మీద వచ్చిన పుస్తకాల్లో అంత నిదానంగా, అంత నిజాయితీగా ఒకే విషయాన్ని పట్టుకుని కూర్చున్నవి తక్కువ.

బయటివి ముందు అన్నాను. ఇప్పుడు దాన్ని ఎప్పుడు పక్కన పెట్టాలో చెప్తాను. నాకు ఈ ఆటలో అన్నిటికంటే ఇష్టమైన చోటు ఇదే.

నీకు బయట 2, అతనికి బయట 4, ఉమ్మడివి 3, ఎత్తు నీది అనుకో. నీకు కన్ను లేదు గానీ, అంచు దగ్గర ఒక ఎత్తు వేస్తే కన్ను తయారవుతుంది. సూత్రం ప్రకారం బయటివి మూస్తూ పోయావనుకో. అతనికి 3. అతను నీది మూస్తాడు, నువ్వు అతనిది మూస్తావు, అతను నీ రెండోది మూస్తాడు, ఆ కన్ను చేసుకునే చోటు కూడా పోతుంది. నీకు 0, అతనికి 2, ఉమ్మడివి 3. ఎత్తు నీది. నువ్వు ఇంకొకటి మూస్తే 1. చివరికి ఎలా తిప్పినా సెకి దగ్గర ఆగుతుంది. ఫరవాలేదు, బతికావు.

కానీ మొదటి ఎత్తుకే కన్ను చేసుకుని చూడు. అతని ఊపిరి ఒక్కటి కూడా తగ్గలేదు. వృథా ఎత్తులా కనిపిస్తుంది. ఇప్పుడు నీకు బయట 1, కంట్లో 1, ఉమ్మడివి 3. అతనికి బయట 4. అతను ఎంత ప్రయత్నించినా నీ కంట్లో రాయి పెట్టడం చిట్టచివర మాత్రమే సాధ్యం. దానికి ముందు ఉమ్మడివి మూడూ అతనే మూసుకోవాలి. అవి మూసిన కొద్దీ తన గొంతే బిగించుకుంటాడు. నీకు వాటిని మూయవలసిన తొందర ఏమీ లేదు. అందుకని కన్ను ఉన్నవాడికీ లేనివాడికీ పందెం అయితే, ఉమ్మడివన్నీ కన్ను ఉన్నవాడి ఖాతాలోకే వస్తాయి. నీకు 1, 1, 3 కలిపి 5. అతనికి 4. ఎత్తు అతనిదైనా సరే నువ్వే గెలుస్తావు. వేసి చూడు: అతను నీ బయటిది మూస్తాడు, నువ్వు అతనికి 3 చేస్తావు. అతను ఉమ్మడి ఒకటి, నువ్వు 2. అతను ఇంకొకటి, నువ్వు 1. అతను చివరి ఉమ్మడిది మూసి నీకు అతారి పెడతాడు. నీకు కన్ను ఒక్కటే మిగిలింది. కానీ ఎత్తు నీది. అతని చివరి ఊపిరి మూసి మొత్తం తీసేస్తావు. సెకి కావలసిన చోట అవతలి గుంపు మొత్తం నీ చేతికి వచ్చింది.

ఒక్క ఎత్తు వరుస మారింది, అంతే. కన్ను చేసుకోవడం ఆలస్యం చేస్తే ఆ చోటు అతను తీసుకుంటాడు. అతని బయటి ఊపిరులు ఎక్కడికీ పోవు, ఎప్పుడైనా మూసుకోవచ్చు. ప్రతి పందెంలోనూ చెయ్యి రాళ్లడబ్బాలో పెట్టకముందు నిన్ను నువ్వు అడగవలసిన ప్రశ్న ఇదే: ఇక్కడ ఆగలేనిది ఏది? ఆగగలిగినదాన్ని ఆపు. ఆగలేనిదాన్ని వెయ్యి. అతను కన్ను చేసుకోబోయే చోటు నీకు కనిపిస్తే అదే ముందు. అతని ఊపిరి ఒక్కటీ తగ్గకపోయినా సరే.

కో విషయంలో కూడా ఈ ప్రశ్నే. పందెంలో అతని ఊపిరుల్లో ఒకటి కో రూపంలో ఉందనుకో. అందరికీ ముందు కో తీసుకోవాలనిపిస్తుంది, రాయి చేతికి వస్తుంది కదా. జపాన్ వాళ్ల సామెత మాత్రం పందెంలో కో చివర తియ్యమంటుంది. ముందే తీస్తే, అతనికి ఇంకా బయట ఊపిరులు ఉన్నాయి కాబట్టి ప్రాణం మీదికి రాదు. ఎక్కడో ఒక బెదిరింపు వేసి తిరిగి తీసుకుంటాడు. అప్పుడు బెదిరింపు వెతుక్కోవలసింది నువ్వు. అదే బయటివన్నీ మూసి, చిట్టచివర కో తీస్తే, ఆ తీయడమే అతారి. ఇప్పుడు బెదిరింపు వెతుక్కోవలసింది అతను. అవే రాళ్లు, అదే కో. మొదటి బెదిరింపు భారం ఎవరి నెత్తిన పడుతుందన్నదే తేడా. నీకే అతారి పడి ఉంటే మాత్రం సామెత పట్టుకు కూర్చోకు, వెంటనే తియ్యి.

రాయి బలి ఇచ్చే ఎత్తులు వరుస తప్పితే అసలు పనిచేయవు. అతని రాళ్ల మధ్య ఒక ఖాళీ ఉందనుకో. అందులో నీ రాయి పెడితే వెంటనే పోతుంది. అయినా పెట్టడం ఎందుకంటే, దాన్ని తీయడానికి అతను పెట్టే రాయి అతని సొంత ఊపిరినే మూస్తుంది. తీసిన చోట ఖాళీ వచ్చినా, నువ్వు బయటినుంచి అతారి పెడితే దాన్ని కూడా అతనే పూడ్చుకోవాలి. ఇక్కడ నువ్వు బయటి అతారి ముందు పెట్టావనుకో, అతను ఆ ఖాళీని హాయిగా కలిపేసుకుంటాడు. బలి ఇవ్వడానికి చోటే ఉండదు. నీ ఆటల్లో నాకు తరచూ కనిపించే అలవాటు ఈ తొందరపాటు అతారి. అతారి పెట్టగలిగిన ప్రతిచోటా పెట్టేస్తావు. అతారి అంటే అవతలివాడిని కలుపుకొమ్మని చెప్పడం కూడా అని ఎప్పుడూ గుర్తుంచుకో. ఎలాగూ పోయే రాయికి ఇంకో రాయి చేర్చి రెండూ ఇచ్చెయ్యమని కూడా ఇక్కడ ఒక మాట ఉంది. ఒక రాయి తీయడం కంటే రెండు రాళ్లు తీయడానికి అతనికి ఎక్కువ ఎత్తులు పడతాయి. ఆ లోపల నువ్వు రెండువైపులనుంచీ బిగిస్తావు.

పెద్ద కన్ను గురించి రాయమన్నావు. క్లుప్తంగా చెప్తాను. చంపదగిన ఆకారంలో 3 ఖాళీల కన్ను ఉంటే 3 ఊపిరులు, 4 ఖాళీలకి 5, 5 ఖాళీలకి 8, 6 ఖాళీలకి 12. చైనావాళ్లు ఈ అంకెలని కంఠస్థం చేస్తారు, నువ్వూ చెయ్యి. 4 ఖాళీలకి 5 ఎలా వచ్చాయంటే, లోపల 3 రాళ్లు పెడితే అతారి అవుతుంది. అతను ఆ మూడింటినీ తీస్తాడు. అది అతనికి ఒక ఎత్తు. ఇప్పుడు 3 ఖాళీలు మిగిలాయి, మూయడానికి ఇంకో 3 ఎత్తులు. నీవి 6, అతనిది 1, నికరంగా 5. ఇక్కడా వరుస ప్రాణాంతకం. అతను మూడు రాళ్లు తీసిన మరుక్షణం నువ్వు నడిమధ్య చోటులో రాయి పెట్టాలి. ఎక్కడో బయటి ఊపిరి మూద్దామని పోతే అతను ఆ మధ్య చోటు వేసుకుని రెండు కళ్లు చేసుకుంటాడు, పందెమే ఉండదు. నువ్వు కన్ను ఉన్న వైపు ఉంటే దీనికి ఎదురు జాగ్రత్త: లోపల అతను పెట్టే ఒక్కో రాయికీ జవాబు చెప్పకు. అతారి పడేదాకా ఆగి అప్పుడు తియ్యి. ఆ ఎత్తులన్నీ బయట వాడుకో.

అసలు వేయకుండా ఉండడం గురించి పైన ఒక ముక్క చెప్పాను. దాన్ని ఇంకా నొక్కి చెప్పాలి. లెక్క పూర్తయ్యాక, చంపడానికి కావలసినదానికంటే నువ్వు 2 ఊపిరులతో ముందున్నావని తేలితే ఇంకేమీ వేయకు. ఆ గుంపు చచ్చిపోయింది. దాన్ని బల్ల మీదనుంచి తీసేదాకా నమ్మకం కలగదు నీకు, అది నాకు తెలుసు. కానీ అక్కడ వేసే ప్రతి అదనపు రాయీ వేరేచోట వేయవలసిన ఎత్తుని తినేస్తుంది. వెనకబడ్డావని తేలినా వేయకు. చచ్చిన గుంపులో కూడా అవతలివాడు జవాబు చెప్పి తీరవలసిన ఎత్తులు మిగిలి ఉంటాయి. అవి కో వచ్చినప్పుడు డబ్బులాంటివి. తొందరపడి అన్నీ మూసేస్తే ఒక్కటీ మిగలదు. నువ్వు ఓడిన ఆటల్లో చాలా వాటిలో ఓడిపోయిన పందెంలో చివరి రాయిదాకా పోరాడావు. మధ్యలో మానేసి ఉంటే బల్ల అంతటా ఇంకా ఆట మిగిలేది.

కంప్యూటర్ ఎత్తులన్నీ చెప్తుంది కదా, ఈ లెక్కలన్నీ నేర్చుకోవడం ఎందుకని కిందటిసారి అడిగావు. ఆల్ఫాగో అనే ప్రోగ్రాం 2016 మార్చిలో లీ సెడోల్ అనే ఆటగాడిని 4-1తో ఓడించింది, 2017లో కే జియె అనే ఆటగాడిని కూడా ఓడించింది. అవి నిజమే. ఆ తర్వాత ఏం జరిగిందో కూడా తెలుసుకో. 2022 చివర్లో కొందరు పరిశోధకులు కాటాగో అనే చాలా బలమైన ప్రోగ్రాంలో ఒక లోపం కనిపెట్టారు. దాని గుంపు బల్ల మీద వలయంలా చుట్టుకుని ఉన్నప్పుడు, బయటినుంచి దాన్ని చుట్టుముడుతూ ఊపిరులు మూస్తూ వస్తే, తాను చచ్చిపోతున్న సంగతి అది గ్రహించలేకపోయింది. కెలిన్ పెల్రిన్ అనే అమెరికన్ ఆటగాడు, వృత్తి ఆటగాడు కూడా కాదు, ఆ పద్ధతి నేర్చుకుని అంత బలమైన ప్రోగ్రాంలలో ఒకదాని మీద 15 ఆటల్లో 14 గెలిచాడు. 2023 ఫిబ్రవరిలో పత్రికల్లో వచ్చింది. కూర్చుని ఆడేటప్పుడు అతనికి కంప్యూటర్ సాయం లేదు. మామూలుగా ఏ మనిషీ గెలవలేని యంత్రానికి, ఆ ఒక్క ఆకారంలో, తన ఊపిరి సంగతి తెలియలేదు. నీకు వేళ్లు పెట్టి లెక్కపెట్టడం వచ్చు. ఆ లెక్కని యంత్రం చేతికి ఇచ్చేయకు.

యంత్రం ఎత్తు చూపిస్తుంది, కారణం చెప్పదు. నీ 3, 3, 2 మూలలో అది ఎక్కడో కుడివైపు నీలం చుక్క చూపించి ఉంటుంది. నువ్వు దాన్ని చూసి, మూల వదిలేసి అక్కడ ఎందుకు వేయమంటోందా అని ఆశ్చర్యపోయి ఉంటావు. ఇప్పుడు ఎందుకో నీకు తెలుసు.

సాధన ఎలా చేయాలో అడిగావు. ఫోన్ పక్కన పెట్టి నిజమైన బల్ల మీద చెయ్యి. మీ అమ్మ నా పెట్టెలోనుంచి తీసి ఇచ్చిన మడత బల్లా, గాజు రాళ్లూ చాలు. మియజాకి తీరపు ఆల్చిప్పల్లోంచి కోసిన తెల్లరాళ్లూ, నాచి నల్లరాతి రాళ్లూ ఎప్పుడైనా కొనిపెడతాను గానీ, వాటివల్ల లెక్క రాదు. రెండు గుంపులు పెట్టు, మూడు కుప్పలూ పైకి లెక్కపెట్టు. గొంతు విప్పి అంకెలు చెప్పు. లోపల అనుకుంటే చూపు దాటేస్తుంది. ముఖ్యంగా అంచు దగ్గర. అంచు దగ్గర, మూలల్లో కొన్ని ఊపిరులు నేరుగా మూయడానికి వీలుండదు. అక్కడ రాయి పెడితే నీకే అతారి అవుతుంది. ముందు పక్కన ఒక రాయి వేసి కలుపుకుని, తర్వాతే మూయాలి. అలాంటి ఊపిరి ఒకటిగా కనిపిస్తుంది, కానీ ఖరీదు రెండు ఎత్తులు. నీ మూలలో అలాంటిది లేదు, అందుకే లెక్క అంత శుభ్రంగా వచ్చింది. ఎప్పుడూ అలా రాదు.

ఇంకో పని: ఎత్తు అతనిదైనప్పుడే లెక్కపెట్టుకో. నీ వంతు వచ్చాక, చివరి సెకన్లు లెక్కపెట్టే బ్యోయోమి గడియారం అంకెలు చదువుతుంటే ఎవరికైనా తెలిసిన లెక్క కూడా పోతుంది. ఇక్కడి గోకైషోలో, అంటే గో క్లబ్బులో, పెద్దవాళ్లని గమనిస్తుంటాను. పందెం మొదలవగానే వాళ్ల చేతులు డబ్బాకి దూరంగా, ఒడిలోకి పోతాయి. చూపు మాత్రం ఊపిరి నుంచి ఊపిరికి కదులుతుంటుంది. డబ్బాలో రాళ్లు గలగలలాడించడం నువ్వు మానెయ్యి. చేతిలో రాయి ఉంటే అది ఎక్కడో ఒకచోట వాలాలని చూస్తుంది.

దీని లోతు ఎంతో తెలియాలంటే ఇంకా పెద్దయ్యాక ఇగో హత్సుయోరోన్ చూడు. 1713లో ఇనోవె ఇంటి పెద్ద దోసెత్సు ఇన్‌సెకి కూర్చిన 183 సమస్యలు. ఆ ఇంటివాళ్లు తరతరాలుగా బయటికి పొక్కనివ్వకుండా దాచుకున్న పుస్తకం. అందులో 120వ సమస్య బల్ల అంతా ఆక్రమించుకున్న ఊపిరి పందెం. ఫుజిసావా హిదెయుకి అంతటివాడు శిష్యులని కూర్చోబెట్టుకుని దాని మీద పనిచేశాడు. ఆయన తర్వాత కూడా దాని మీద వెతుకులాట ఆగలేదు. 300 ఏళ్ల కిందట ఎవరో ఒకాయన కంప్యూటర్ లేకుండా, కాగితం మీద అన్ని ఎత్తుల వరుస ముందే చూశాడన్న సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు గగుర్పొడుస్తుంది. నీకూ ఏదో ఒకరోజు ఆ సమస్య ముందు కూర్చునే ఓపిక, సరదా రెండూ రావాలని నా కోరిక.

ఇప్పటికి చిన్నది ఒకటి ఇస్తున్నాను. ఎవరికీ కన్ను లేదు. నీకు బయట 4, అతనికి బయట 2, ఉమ్మడివి 3. ఎత్తు నీదైతే ఏమవుతుంది? అతనిదైతే ఏమవుతుంది? సూత్రం రాసి పంపకు, ఎత్తు ఎత్తూ వేసి, ప్రతి ఎత్తు తర్వాతా మూడు కుప్పల్లో ఎన్నెన్ని మిగిలాయో రాసి పంపు. అది సరిగ్గా వస్తే, అందులోనే అతనికి ఒక కన్ను ఇచ్చి మళ్లీ చెయ్యి.

ఆదివారం మీకు సాయంత్రం అయ్యేసరికి నాకు రాత్రవుతుంది. 13 గీతల బల్ల మీద ఒక ఆట ఆడదాం. నువ్వు నల్లవి తీసుకో. మీ అమ్మకి మోకాలి నొప్పి ఎలా ఉందో రాయనేలేదు, అది కూడా రాయి. అమ్మమ్మకి నా నమస్కారాలు చెప్పు.

ప్రేమతో,
మామయ్య